మిషినితో మాట్లాడిన మా అత్తమ్మ

మొన్న శ్రావణమాసంలో మా ఇంటామె వెంట మహబూబ్‌నగర్‌లో కొత్తగా తెరిచిన ఒక బట్టల దుకాణానికి పోయాను. అద్దాల తలుపు తెరవగానే చల్లగాలి మొహానికి కొట్టింది. అలాంటి చోట అందరూ చీరల వైపు చూస్తారు, నేను పైకప్పు వైపు చూస్తాను. గాలి ఏ జాలీలోంచి వస్తోంది, పైపులు ఎటు పోయాయి, మిషిని మేడ మీదుందా వెనకుందా అని వెతుకుతాను. ఇదొక జబ్బు, మందు లేదు. మా ఇంటామె రెండు చీరలు భుజాన వేసుకొని "ఏది మంచిగున్నది?" అని అడుగుతుండగానే పైన మోత ఆగిపోయింది. కంప్రెసరు, పంపులు, ఫ్యాను అన్నీ ఒక్కసారే ఆగాయి. నాకు ఒళ్ళు మండింది. "ఎవడయ్యా వాడు, మెయిన్ కొట్టేసిండు! బుద్ధి ఉన్నదా?" అని గట్టిగానే అరిచాను. చీరలు చూపిస్తున్న పిల్ల బెదిరిపోయింది. మా ఇంటామె మాత్రం చీర అంచు మీద నుంచి చూపు తిప్పకుండా, "మా అమ్మ ఉంటే గా మిషినికే చెప్పేది. గీ పిల్ల మీద ఒర్రుతవేంది?" అంది. ఆ మాటకు కోపం పోయి నవ్వొచ్చింది. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆమె ఏ చీర కొన్నదో ఇప్పటికీ నాకు తెలియదు.

ముందు మిషిని సంగతి చెప్పాలి. మీ గోడకు తగిలించిన ఏసీ వంటిది కాదిది. చిల్లర్ అంటారు. మేము నడిపింది చిన్న లారీ అంత ఉండేది. ఇది గాలిని చల్లబరచదు, నీళ్ళను చల్లబరుస్తుంది. ఆ చల్లనీళ్ళు పైపుల్లో హాలు దాకా పోయి, అక్కడి గాలిని చల్లబరిచి, వేడెక్కి మళ్ళీ మిషిని దగ్గరికే వస్తాయి. మరి ఆ వేడి ఎటు పోవాలి? దానికి వేరే నీళ్ళున్నాయి. అవి ఆ వేడిని మోసుకొని బయట కూలింగ్ టవర్ మీదికెక్కి, అక్కడి నుంచి వానలాగా కింద తొట్టిలోకి కురుస్తాయి. పైన ఫ్యాను తిరుగుతుంటుంది. వేడి గాలిలో కలిసిపోతుంది, చల్లబడ్డ నీళ్ళు మళ్ళీ లోపలికొస్తాయి. ఇంతే సంగతి. కానీ దీన్ని నడపడానికీ ఆపడానికీ ఒక వరస ఉంది. నడిపేటప్పుడు ముందు నీళ్ళు కదలాలి, తర్వాత ఫ్యాను, అన్నిటికన్నా చివర కంప్రెసరు. ఆపేటప్పుడు ముందు కంప్రెసరు, నీళ్ళు చివర. మెయిన్ మాత్రం ఎప్పుడూ తీయొద్దు, ఎందుకంటే మిషిని పడుకున్నా దాని కడుపులోని ఆయిలు వెచ్చగా ఉండాలి. ఈ నాలుగు ముక్కలు నేర్చుకోవడానికి నాకు సగం వయసు పట్టింది. ఆ బట్టల దుకాణంవాడు నేర్చుకోలేదు.

నేను పని నేర్చింది మేళ్లచెరువులో, ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూము ఏసీ ప్లాంటులో. కాంట్రాక్టు అయిపోయింది, రోడ్డున పడ్డాను. రాష్ట్రం వచ్చిన కొత్త అది. మహబూబ్‌నగర్‌ను మేము పాలమూరు అంటాం, ఆ ఊరి బైపాసు పొంటి పెద్ద పెద్ద ఫంక్షన్ హాళ్ళు లేస్తున్నాయి. అలాంటి ఒక హాలు సేటు నన్ను పిలిపించాడు. పిలిపించి ముందుగా చెప్పిన మాట మాత్రం మంచిది కాదు. అంతకుముందు రెండు పెళ్ళిళ్ళలో చిల్లర్ మధ్యలో ఆగిపోయిందట. పెళ్ళివారు హాలు కిరాయి కట్టేది లేదని మొండికేశారట, ఒకరైతే సేటు మొహం మీదనే విసనకర్ర ఊపారట. "ఇంగొక్కసారి పెండ్లి నడ్మ ఆగిందనుకో, దీన్ని తుక్కుకు అమ్మి గోడలకు స్ప్లిట్లు కొట్టిపిస్త. నీ జాగా నువ్వు చూసుకోవాలె" అన్నాడు. హాలు వెనక, మిషిని గదికి ఆనుకొని రెండు గదుల ఇల్లు ఇచ్చాడు. మా ఇంటామె వారంలోపే కరివేపాకు మొక్క నాటింది. చెట్టు నాటిందంటే ఆమె ఇక కదలదు. కాబట్టి మిషిని ఆగితే నా కొలువు ఒక్కటే కాదు, ఆ ఇల్లు, ఆ కరివేపాకు, అన్నీ పోతాయి.

మా అత్తమ్మ రామన్నపేట దిక్కు పల్లెటూరు మనిషి. మోకాళ్ళ నొప్పులకు పాలమూరు దవాఖానలో చూపించుకుందామని వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. ఆమె కాలపు ఆడవాళ్ళకు అల్లునితో నేరుగా మాట్లాడడం మర్యాద కాదు. అల్లుడు వస్తుంటే మంచం మీద నుంచి లేచేది, కొంగు నెత్తి మీదికి లాక్కునేది, చెప్పాల్సింది బిడ్డకు చెప్పేది. నేను పక్కనే ఉన్నా సరే, "బిడ్డా, మీ ఆయనకు ఇంగో రొట్టె కావాల్నేమో అడుగు" అనేది. నేను కూడా బిడ్డకే జవాబు చెప్పేవాణ్ణి. మధ్యలో మా ఇంటామె, "నేనేమన్న టెలిఫోన్‌నా మీకు?" అని విసుక్కునేది. ఇంట్లో ఇది బాగానే నడిచింది. చిక్కంతా మిషిని గదిలో వచ్చింది. పెళ్ళి రోజుల్లో నేను గది వదలకూడదు, బువ్వ గిన్నె తెచ్చేది అత్తమ్మ. అక్కడ మా ఇద్దరి మధ్య మనిషి లేడు. మొదటి రోజు కాసేపు గడప దగ్గర నిలబడింది, దగ్గింది, అటూ ఇటూ చూసింది. చివరికి చిల్లర్ వైపు తిరిగి, "ఓ మిషినీ, అల్లునికి జెప్పు. బువ్వ సల్లారిపోతాంది" అంది. ఆ మోతలో ఆమె మాట నాకు వినపడాలి కాబట్టి గొంతు చించుకొని చెప్పింది.

అప్పటి నుంచి అదే దారి. మిషిని ద్వారా నాకు చాలా సంగతులు తెలిసేవి. కూరలో ఉప్పు ఎక్కువైందని, మా ఇంటామెకు జ్వరమొచ్చిందని, నేను బీడీలు తగ్గించాలని. ఒకసారి ఆపి ఉన్న మిషిని మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతుంటే చూసి, "ఊకెనే కరెంటు దండుగ జేస్తాన్రు" అని దాన్ని ఆర్పడానికి స్విచ్చు వెతికింది. నేను పరుగెత్తుకొచ్చి మా ఇంటామెను పిలిచి, ఆమె ద్వారా, లోపల ఆయిలును వెచ్చగా ఉంచాలని చెప్పించాను. అత్తమ్మ కాసేపు ఆలోచించి, "అట్లనా, బాలింత లెక్కనా" అంది. ఆ తర్వాత ఎవరైనా ఆ స్విచ్చు దగ్గరికి పోతే, "దాని ఒంట్లె సలి జొర్రుతది, తియ్యకుండ్రి!" అని అరిచేది. నాకు ఒక కాపలా మనిషి దొరికినట్టయింది.

ఒక దసరా వెళ్ళిన వారంలో సేటు తన సొంత బిడ్డ పెళ్ళి పెట్టుకున్నాడు. ఊళ్ళో ఉన్న వాళ్ళంతా వస్తారు, మిగతా హాళ్ళ సేట్లు కూడా వస్తారు. మిషిని మీద చెయ్యి వేసి నన్ను చూశాడు. ఆ చూపే నాకు భయం పుట్టించింది. పది రోజులు దాన్ని పసిపిల్లలా చూసుకున్నాను. సద్దుల బతుకమ్మ రోజున, పైపుల్లో పాచి పోవడానికి టవర్ నీళ్ళలో మందు కలిపి, పంపు నడుస్తుండగా వదిలేసి, ఫ్యాను బెల్టులు తేవడానికి బజారుకు పోయాను. సాయంత్రం కుండపోతగా వాన కొట్టింది. తిరిగి వచ్చేసరికి హాలు ముందర ఆడవాళ్ళంతా కూర్చొని సద్దులు పంచుకుంటున్నారు. మా ఇంటామె, అత్తమ్మ, పక్క వాడకట్టు ఆడవాళ్ళు, అందరి మధ్య సేటు భార్య. నా చేతిలో కూడా రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద పెట్టారు. పూల బతుకమ్మలను చెరువులో వదిలాకే సద్దులు పంచుతారు కదా. "ఇంత వానల చెరువు దాక ఎట్ల పోయొచ్చిన్రు?" అని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయింది తియ్యి, మంచిగనే అయింది" అంది మా ఇంటామె. మలీద చాలా బాగుంది. నేను ఇంకో ముద్ద అడిగి పెట్టించుకున్నాను.

మర్నాడు తొట్టిలో ఒక తంగేడు పువ్వు తేలుతుంటే చూశాను. ప్రహరీ పక్కన తంగేడు పొదలు ఉన్నాయి, గాలికి కొట్టుకొచ్చిందనుకొని తీసి పారేశాను. దసరా అయింది, మిషినికి కుంకుమ బొట్టు పెట్టి గుమ్మడికాయ కొట్టాం. ఖాళీ హాలులో నడిపి చూస్తే చక్కగా నడిచింది.

పెళ్ళిరోజు పొద్దున్నే వరసగా అన్నీ వేశాను. పొద్దెక్కే కొద్దీ జనం నిండారు. హాలు నిండితే మిషిని మీద బరువు పెరుగుతుంది, నీళ్ళ జోరు పెరగాలి. పెరగలేదు. ప్రెషరు ముల్లు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. టవర్ పైపు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. బయటికి పోయి చూస్తే, వానలా కురవాల్సిన నీళ్ళు కారుతున్న చూరులాగా పడుతున్నాయి. ఎక్కడో నీళ్ళకు అడ్డం పడింది. ముల్లు ఎర్ర గీత దాటితే మిషిని తనంతట తానే తటాలున ఆగిపోతుంది. అలా ఆగితే మళ్ళీ అంత తొందరగా లేవదు. ముహూర్తానికి ఇంకా కొంచెం సమయం ఉంది. కరివేపాకు మొక్క కళ్ళ ముందు కనపడింది.

అప్పుడే అత్తమ్మ పట్టుచీర కట్టుకొని, నాకు చాయ్ తీసుకొని వచ్చింది. "ఓ మిషినీ, అల్లునికి..." అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆగింది. టవర్ వైపు చూసింది. చాయ్ గ్లాసు కింద పెట్టింది. కొంగు జారినా లాక్కోలేదు. నా కళ్ళలోకే చూస్తూ, "అల్లుడా, తప్పు మాదే. సద్దుల నాడు బతుకమ్మలను గా టవర్లనే ఏసినం" అంది.

నాకు మొదట పువ్వుల సంగతి బుర్రకెక్కలేదు. అత్తమ్మ నాతో మాట్లాడిందన్న సంగతే ఎక్కింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి. ఆమె మాత్రం ఆగకుండా చెప్పేస్తోంది. చెరువు తొవ్వంతా మోకాలి లోతు బురదయిందట. తనకు మోకాళ్ళ నొప్పి. వాకిట్లోనే గంగ జల్లున కురుస్తుంటే ఇంకెక్కడికో పోవడం ఎందుకని అందరూ అనుకున్నారట. తెల్లారకముందే లేచి జల్లిగంటెతో తేలిన పువ్వులన్నీ ఎత్తేసిందట. "మునిగినయి మునిగినయి. అయ్యి నాకు కనబడలె. ఇప్పుడేం జేద్దాం, చెప్పు."

కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, గొంతు దాకా వచ్చింది. కానీ ఆ "చెప్పు" అన్న మాటకు కోపం ఎటో పోయింది. చేయాల్సింది ఒకటే. మిషిని తనంతట తాను ఆగకముందే నేనే వరసగా ఆపాలి. టవర్ పంపుకు ముందు ఒక జల్లెడ ఉంటుంది, పువ్వులన్నీ అక్కడ చేరి ఉంటాయి. దాన్ని విప్పి కడగాలి. ఆ కాస్త సేపు హాలు సంగతి ఏమిటంటే, హాలుకు పోయే చల్లనీళ్ళ పంపును ఆపనక్కరలేదు. పైపుల నిండా చల్లనీళ్ళే ఉన్నాయి. కంప్రెసరు లేకున్నా ఆ నీళ్ళు తిరుగుతున్నంత సేపు, కొంత సేపటి వరకు, గాలి చల్లగానే వస్తుంది. తలుపులు తెరవకుండా ఉంటే చాలు. ఇదంతా నేను అత్తమ్మకు నేరుగానే చెప్పాను. "తలుపుల సంగతి నేను జూస్త" అని ఆమె మోకాళ్ళ నొప్పి మరిచిపోయి పరుగెత్తింది.

కంప్రెసరును మెల్లగా దించి ఆపాను. గుక్క తిప్పుకోనిచ్చి ఫ్యాను ఆపాను, టవర్ పంపు ఆపాను. చల్లనీళ్ళ పంపు ఒక్కటే గుమ్మని నడుస్తోంది. వాల్వులు మూసి, జల్లెడ మూత నట్లు విప్పుతుండగా గడపలో పట్టుచీరల రెపరెపలు వినపడ్డాయి. అత్తమ్మ ఒక్కతే రాలేదు, సేటు భార్యను వెంటబెట్టుకొని వచ్చింది. పెళ్ళికూతురు తల్లి! ఒంటి నిండా నగలు. "పంతులు జెప్పిండని చెప్పిన. తాళి కట్టేదాక ఎవ్వరు తలుపులు తియ్యొద్దన్న" అంది సేటు భార్య. పంతులుకు ఈ సంగతి తెలియదని వేరే చెప్పనక్కరలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి తొట్టి గట్టు మీద కూర్చొని అడుగున చెయ్యి పెట్టి తోడడం మొదలుపెట్టింది. అత్తమ్మ ఇంకో దిక్కున తోడుతోంది. మా ఇంటామె తట్ట పట్టుకొచ్చింది. జల్లెడలోంచి తంగేడు, గునుగు, బంతి అన్నీ కలిసి ముద్దలు ముద్దలుగా ఊడిపడ్డాయి. కుళ్ళిన వాసన, అందులోనే పసుపు వాసన. తట్ట నిండింది. ఇంకో తట్ట నిండింది. "అమ్మో, ఎన్ని పూలు పెట్టినమే!" అని సేటు భార్య ముక్కు మీద వేలేసుకుంది, ఆ వేలికి బురద ఉందని మరిచిపోయి. అందరం నవ్వాం. ఆ భయంలో కూడా నవ్వాం.

మూత బిగించి, వాల్వులు తీసి, పంపు వేశాను. టవర్ మీద నీళ్ళు జల్లున కురిశాయి. ఫ్యాను తిరిగింది. కంప్రెసరు మాత్రం వెంటనే లేవదు, ఒకసారి ఆగితే కొంత సేపు ఆగే లేవాలని దానికి లోపల గడియారం కట్టేశారు. ఆ గడియారాన్ని బతిమాలి లాభం లేదు. అందరం నిలబడి దాన్నే చూస్తున్నాం. హాలులోంచి మేళం మెల్లగా వినిపిస్తోంది. సేటు భార్యకు కన్యాదానానికి పిలుపొచ్చింది, చేతులు కడుక్కొని పరుగెత్తింది. గట్టిమేళం మొదలైంది. డోళ్ళు, సన్నాయి, చప్పట్లు. ఆ మోత మధ్యలోనే మా మిషిని ఊపిరి పీల్చుకొని లేచింది. దాని చప్పుడు మాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ముల్లు కిందికి దిగి మంచిగా నిలబడింది. నేను కింద కూర్చుండిపోయాను. చాయ్ చల్లారిపోయింది, అయినా తాగాను.

భోజనాల వేళకు సేటు వచ్చాడు. వెనక భార్య కూడా ఉంది. "నడ్మల జర ఉక్కపోసినట్టయింది. ఆపినవా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అతని చూపు గోడ పక్కన తడిపూల కుప్ప మీద పడింది. వంగి చూశాడు. సిమెంటు నేల మీద తంగేడు పూలు, గునుగు పూలు. పాలమూరులో పుట్టినవాడికి అదేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మా అందరి మొహాలూ వరసగా చూసి భార్య దగ్గర ఆగాడు.

"ఇండ్ల మనది గూడ ఉన్నదా?" అన్నాడు.

"అన్నిట్ల పెద్దది మనదే" అంది ఆమె.

సేటు మళ్ళీ ఆ పూల కుప్ప వైపు చూశాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకొని నా వైపు తిరిగాడు. "తిన్నవా?" అన్నాడు. లేదన్నాను. "పో, పోయి తిను. రేపు మేస్త్రిని పిలువు, బతుకమ్మలకు చిన్న తొట్టి కట్టిద్దాం. టవర్ల మాత్రం ఏయకుండ్రమ్మా, మీకు దండం బెడ్త" అని నిజంగానే చేతులెత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇల్లు వెతుక్కోనక్కర లేదని అప్పుడు అర్థమైంది. ఆ రోజు బగారన్నం ఎంత తిన్నానో మా ఇంటామె ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

చెప్పినట్టే ప్రహరీ పక్కన తొట్టి లేచింది. బోరు నీళ్ళు, దిగడానికి నాలుగు మెట్లు. పెళ్ళి మర్నాటి నుంచే అత్తమ్మ మళ్ళీ కొంగు లాక్కుంది. "ఓ మిషినీ, నిన్నటి సంది అల్లుడు ఊకె నవ్వుతాండు, ఎందుకో అడుగు" అంది. నేను కూడా మిషినికే జవాబు చెప్పాను. కొన్నేళ్ళకు ఆమె కొడుకు దగ్గరికి పోయి, అక్కడే ఒక ఎండాకాలం కన్నుమూసింది. ఊరికి పోయి అన్నీ చేసి వచ్చాం. ఏడుపు మాత్రం నాకు అక్కడ రాలేదు. తిరిగొచ్చిన తర్వాత ఒక పెళ్ళిలో మధ్యాహ్నం దాటినా బువ్వ చల్లారిపోతోందని ఎవరూ చెప్పకపోతే, మిషిని గదిలో కూర్చొని ఏడ్చాను.

మిషిని కూడా ముసలిదైంది. సేటు కొడుకు కొత్తది కొన్నాడు. పాతదాన్ని విప్పే రోజున, అప్పటికే పని మానేసిన నన్ను పిలిచారు. "మెయిన్ కొట్టేస్తే అయిపోతది గద అంకుల్, ఎట్లనైనా తుక్కుకే పోతది" అన్నాడు సేటు కొడుకు. తిట్టాను. ముందు కంప్రెసరు ఆపాను, తర్వాత ఫ్యాను, తర్వాత పంపులు, ఎప్పటిలాగే. ఎర్ర లైటును అన్నిటికన్నా చివర ఆర్పాను.

నిరుడు సద్దుల బతుకమ్మకు ఆ దారిన పోతూ ఆగాం. తొట్టి చుట్టూ జనం, ఆ పక్క వాడల నుంచి, ఈ పక్క వాడల నుంచి. మెట్లకు కొత్త రంగు వేశారు. పట్టులంగా కట్టుకున్న ఒక కాలేజీ పిల్లను, "ఏం బిడ్డా, అందరు ఈడికే వస్తాన్రు?" అని అడిగాను. "గిది మస్తు పాతది తాతా. మా అవ్వల అవ్వల కాలం నుంచి ఉన్నదట. ఏదో రాజు తవ్వించిండట" అంది. మా ఇంటామె నోరు తెరవబోయింది, చెయ్యి పట్టి ఆపాను. ఆ పిల్ల బతుకమ్మను నీళ్ళలో వదిలి, తడిచేత్తోనే నాకు మలీద పెట్టి పోయింది. మనం ఇంకా మెట్ల మీద నిలబడి మలీద తింటూనే ఉంటాం, కాలం మాత్రం మనల్ని అప్పుడే రాజుల కాలంలో కలిపేసి ఉంటుంది.